తూటా మారితే గురీ మారుతుంది

వంద గజాల దూరంలోని కాగితం దాకా నడిచి వెళ్లి చూస్తే గానీ నమ్మబుద్ధి కాలేదు. ఒకే రైఫిలు, కాల్చింది ఒకే మనిషి, అవే ఇసుక సంచులు. టెలిస్కోపు మరలు ఎవరూ ముట్టుకోలేదు. అయినా అయిదేసి రంధ్రాల గుంపులు రెండూ వేరువేరు చోట్ల పడ్డాయి. 168 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్లు నల్ల చుక్కలోనే దిగాయి. 150 గ్రెయిన్లవి అంగుళంన్నర పైన, మరో అంగుళం ఎడమకు.

టెక్సస్‌లో ఆస్టిన్ శివార్లలోని షూటింగ్ రేంజ్ అది. తీసుకెళ్లినవాడు మా పెదనాన్నగారి అబ్బాయి. వృత్తి ఇంజినీరింగు, సెలవు దొరికితే సొంతంగా తూటాలు కూర్చుకోవడం. అమెరికాలో సొంత వాడకానికి ఇలా చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మన దేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తూటా తయారీ నేరం.

ముందు రోజు సాయంత్రం గ్యారేజీలో ఆ పనంతా దగ్గరుండి చూశాను. కాల్చేసిన ఇత్తడి కేసును చేతి ప్రెస్సులో నొక్కితే పాత ప్రైమరు ఊడి పడుతుంది, ఉబ్బిన కేసు మళ్లీ కొలతకు వస్తుంది. కొత్త ప్రైమరు ఎక్కించి, మందు పోసి, మూతిలో బుల్లెట్టు దిగ్గొడతారు. అసలు కష్టం మందు తూచడంలో ఉంది. బూడిద రంగులో, సన్నని పుల్ల ముక్కల్లా ఉంటుందా మందు. చిన్న గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతుంటే ఒక్కో ముక్కే తక్కెడ గిన్నెలో రాలుతుంది. గ్రాముకు 15.43 గ్రెయిన్లు. ఒక గ్రెయినులో పదో వంతు తేడా వచ్చినా అన్నయ్య గిన్నె వెనక్కి ఒంపేశాడు. "పుస్తకంలో ఇచ్చిన కింది హద్దు దగ్గర మొదలుపెట్టాలి, పై హద్దు దాటకూడదు. ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదురా" అన్నాడు.

తేలిక బుల్లెట్టు వేగంగా పోతుంది కాబట్టి తక్కువ జారి పైన తగిలి ఉంటుందని మొదట నాకు తోచింది. లెక్క వేస్తే చాల్లేదు. అతని .308 వించెస్టర్ రైఫిల్లో 150 గ్రెయిన్లది సెకనుకు సుమారు 2,800 అడుగులు పోతుంది, 168ది 2,650. ఆ వేగాలకు వంద గజాల దగ్గర భూమ్యాకర్షణ తెచ్చే తేడా సుమారు పావు అంగుళమే. మిగతా ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? భూమి కిందికి లాగుతుంది గానీ పక్కకు లాగదు కదా! ఆ ఉదయం గాలి కూడా లేదు.

జవాబు తుపాకి గొట్టంలో ఉంది. బుల్లెట్టు గొట్టంలో గడిపేది సెకనులో వెయ్యో వంతుకు కొంచెం ఎక్కువ. ఆలోపే రైఫిలు వెనక్కి తన్నడం మొదలవుతుంది. గొట్టం బల్ల అంచున పెట్టి మీటిన స్కేలులా, కంటికి ఆననంతగా ఊగుతుంది. బుల్లెట్టు బరువు, మందు రకం, తూకం, ఏది మారినా ఆ ఊపూ మారుతుంది, బుల్లెట్టు బయటపడే క్షణమూ మారుతుంది. ఆ క్షణాన మూతి ఎటు తిరిగి ఉంటే అటే దెబ్బ. వంద గజాల దగ్గర అంగుళం జరగాలంటే మూతి డిగ్రీలో అరవయ్యో వంతు పక్కకు తిరిగితే చాలు.

మన కానిస్టేబుళ్ల భుజాన దశాబ్దాల పాటు కనిపించిన త్రీ నాట్ త్రీ, అంటే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు, ఈ ఊపుకే పేరుపడింది. దాని బోల్టును పట్టి ఉంచే పళ్లు వెనక వైపు ఉంటాయి, అందువల్ల పేలినప్పుడు ఊపు ఎక్కువ. కాస్త నెమ్మదిగా వచ్చిన బుల్లెట్టు బయటపడే వేళకు మూతి ఇంకాస్త లేచి ఉండేది. దూరం పోయాక ఎక్కువ జారాల్సిన ఆ బుల్లెట్టుకు ఈ ఎత్తు సరిపోయేది. ఇంగ్లండులో బిస్లీ పోటీల్లో చాలా దూరపు గురికి దాన్ని మెచ్చుకున్నది అందుకే.

పక్క బల్లల దగ్గర మూడేసి తూటాలు కాల్చి "ఈ తూకం భేష్" అని తేల్చేస్తున్నారు. అది నాకు నచ్చలేదు. మూడు రంధ్రాలు ఒకచోట పడటం కాకతాళీయం కావచ్చు, తర్వాతి మూడు ఇంకోచోట పడవచ్చు. అన్నయ్య గొట్టం చల్లారనిస్తూ రెండు రకాలూ మార్చి మార్చి కాల్చాడు. మధ్యలో "రేంజ్ కోల్డ్" అని కేక వినపడగానే అందరూ బోల్టులు తెరిచి, తుపాకులు బల్ల మీదే వదిలి వెనక్కి జరిగేవారు. మధ్యాహ్నానికి గుంపులు రెండూ కొంచెం వెడల్పయ్యాయి. వాటి నడుమ దూరం మాత్రం అలాగే ఉంది.

ఒకే రకం వాడుకోవచ్చుగా అని అడిగాను. కుదరదట. 168ది పోటీ బుల్లెట్టు, జంతువు ఒంట్లో నమ్మకంగా విచ్చుకోదు. నవంబరులో జింకల వేట మొదలవుతుంది, అప్పటికి 150 కావాలి. ఒక క్లిక్కుకు వంద గజాల దగ్గర పావు అంగుళం కదిలే టెలిస్కోపు అది. ఆరు కిందికి, నాలుగు కుడికి అని 150 పెట్టె మూత మీద రాసుకున్నాడు. అయినా క్లిక్కులు తిప్పి నేరుగా అడవికి పోడు. కొత్త తూకం తూటాలతో ముందు ఇక్కడికి వచ్చి కాగితం మీద కాల్చి చూస్తాడు. గురి తప్పి గాయపడ్డ జింక పొదల్లోకి పారిపోయి గంటల తరబడి చావడం అతను ఒకసారి చూశాడు. కాల్చింది వేరొకరు. ముందు రాత్రే తూటాల పెట్టె మార్చాడట.