పండగ కానుకల ఊరు ఏటికొప్పాక

విశాఖపట్నం నుంచి తుని వైపు వెళ్లే జాతీయ రహదారి మీద అనకాపల్లి, ఎలమంచిలి దాటి కాస్త లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక కనిపిస్తుంది. విశాఖకు అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరం. 2022లో జిల్లాలు విడిపోయాక ఇది అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ చెరకు చేలు, కొబ్బరి, తాడిచెట్లు. ఆ పచ్చదనం చూస్తే వ్యవసాయం తప్ప మరో పని తెలియని ఊరేమో అనిపిస్తుంది. బొమ్మలు చేసే ఇళ్ల వైపు వెళితే లేతు మిషన్ల మోత వినిపిస్తుంది. కర్ర నుంచి చుట్టలు చుట్టలుగా లేచిన తెల్లటి పొట్టు, దాంతోపాటు వేడెక్కిన లక్క వాసన.

తెలుగిళ్లలో కాస్త పెద్దవయసు ఆడవాళ్లను అడగండి, చిన్నప్పుడు మొదట ఆడుకున్న వస్తువేమిటని. చాలామంది లక్కపిడతలనే చెబుతారు. పొయ్యి, బిందె, చెంబు, గరిటె, తిరగలి, రోలు, రోకలి... అన్నీ వేలెడంత. ఊరి తీర్థంలో అమ్మమ్మో మేనత్తో కొనిపెట్టినవి. ఆ లక్కపిడతలకు, బొంగరాలకు, గిలక్కాయలకు, కుంకుమ బరిణెలకు పేరుమోసిన ఊరు ఇది. ఇప్పుడు వాటితోపాటు దేవుడి బొమ్మలు, రాజు రాణి, ఎడ్లబండ్లు, మేళగాళ్లు, గాజులు, పెన్నుల స్టాండ్లు కూడా చేస్తున్నారు.

ఈ సరుకులో ఒక విశేషం ఉంది. దీన్ని తన కోసమే కొనుక్కునేవాడు తక్కువ. బియ్యంలాగానో చీరలాగానో ఇది అవసరం తరుముకొచ్చి కొనే వస్తువు కాదు. మనవరాలికో, పేరంటానికి వచ్చిన ముత్తయిదువకో, బొమ్మల కొలువులో ఈ ఏడు చేర్చాల్సిన కొత్త వరుసకో కొంటారు. అంటే ఈ ఊళ్లో వందలమంది కూలి, మనం ఇంకొకరికి ఏమివ్వాలని అనుకున్నామన్న దాని మీద ఆధారపడి ఉంది. అందుకే ఏటికొప్పాక గురించి రాసేటప్పుడు కళ గురించి ఎంత రాయాలో, కొనేవాళ్ల గురించీ అంతే రాయాలని నా అభిప్రాయం.

ముందు పని చూద్దాం. బొమ్మకు వాడేది అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా, పెద్దగా ఈనెలు లేకుండా ఉంటుంది. ఉలి పెడితే చిట్లదు. చుట్టుపక్కల కొండల నుంచి, మన్యం అంచు ఊళ్ల నుంచి వస్తుంది. తెచ్చిన కర్రను వెంటనే మిషనెక్కించరు. ఆరాలి. పచ్చి మీద తిప్పితే బొమ్మ ఆ రోజు బాగానే ఉంటుంది, తర్వాత పగులుతుంది. ఆరిన కర్రను ముక్కలు కోసి లేతుకు బిగించి, తిరుగుతుండగా ఉలితో చెక్కుతారు. కరెంటు మోటార్లు రాకముందు ఒకరు తాడు లాగుతూ తిప్పుతుంటే ఇంకొకరు చెక్కేవారు. భార్యాభర్తలిద్దరూ కూర్చుంటే గానీ ఒక బొంగరం తయారయ్యేది కాదు.

రంగు వేసే తీరే ఈ పనికి ప్రాణం. లక్కపురుగు చెట్ల కొమ్మల మీద విడిచే జిగురే లక్క. దాన్ని వేడి చేసి, మెత్తబడ్డాక రంగు కలిపి, సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి, రంగు అంతటా సమంగా కలిశాక కడ్డీలుగా చేస్తారు. ఆ కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. దాని మీద మొగలి ఆకు ఒత్తి పట్టుకుంటే రంగు సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. బ్రష్షు లేదు, వార్నిషు లేదు. ఎంత గట్టిగా అదమాలి, ఎప్పుడు చెయ్యి తీయాలి అన్నది ఏళ్ల తరబడి చేస్తేనే చేతికి వస్తుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే పక్క రంగు గీతలోకి ఈ రంగు పాకుతుంది.

తిరిగే కర్రకే లక్క పడుతుంది కాబట్టి ఏటికొప్పాక బొమ్మలో గుండ్రం కానిది అరుదు. ఎద్దు ఒళ్లు, బండి చక్రం, రాణి కొప్పు, మేళగాడి డోలు, ప్రతిదీ విడిగా లేతు మీద పుట్టి తర్వాత అతుకుతుంది. కొండపల్లి బొమ్మ తీరు వేరు. అక్కడ పొణికి కర్రను చేత్తో చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, కుంచెతో రంగులద్దుతారు. చాలా దుకాణాల్లో రెండింటినీ ఒకే అరలో కలిపి పెడతారు. కొనేవాళ్లకు ఈ తేడా తెలిస్తే ఏ ఊరివాళ్ల పనికి డబ్బిస్తున్నామో తెలుస్తుంది.

రంగుల విషయంలో ఈ ఊరు ఒకసారి పెద్ద దెబ్బ తిన్నది. పూర్వం చెట్ల నుంచీ వేళ్ల నుంచీ తీసిన రంగులే వాడేవారు. తర్వాత చౌకగా దొరికే రసాయన రంగులు వచ్చి పాతవాటిని తరిమేశాయి. 1990ల తొలినాళ్లలో విదేశాలకు పంపిన బొమ్మలు, రంగుల్లో పిల్లలకు హాని చేసే భారలోహాలున్నాయని తిరస్కరణకు గురయ్యాయి. ఈ ఊరివారైన సి.వి.రాజు అప్పుడు మళ్లీ పాత రంగుల వైపు తిరిగారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ లాంటివాటి నుంచి రంగు తీసి, దాన్ని లక్కతో నిలబెట్టే పద్ధతుల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు, కళాకారులను కూడగట్టారు. మొక్కల రంగు లక్కలో కలవడం తేలిక కాదు. వేడికి కొన్ని మాడిపోతాయి, కొన్ని వెలిసిపోతాయి. ఇవాళ గిలక్కాయ నోట్లో పెట్టుకునే పసిబిడ్డకు భయం లేకుండా ఇవ్వగలుగుతున్నామంటే వెనక ఆ శ్రమ ఉంది.

గుర్తింపుకు కొదవ లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ బొమ్మలనూ రాజు గారినీ ప్రస్తావించారు. 2023లో రాజు గారికి పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే నడిచింది, రాష్ట్రాల శకటాల్లో మూడో స్థానం తెచ్చుకుంది. బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన నిబంధన 2021 జనవరి నుంచి అమలయినప్పుడు, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు. అది లేకపోతే పరీక్షల ఖర్చులకే చిన్న కార్ఖానాలు మూతపడేవి.

ఇవన్నీ సంతోషించదగ్గవే. కానీ శకటం ఢిల్లీలో ఒక్కరోజు నడుస్తుంది, మిషను మాత్రం ఏడాది పొడుగునా నడవాలి. ఇక్కడ చాలామందికి ముక్కకు ఇంతని కూలి. ఆర్డరుంటే పని, లేకపోతే చెరకు చేలకో, పట్నంలో వేరే ఉద్యోగానికో పోవాలి. చదువుకున్న కొడుకు లేతు ముందు కూర్చోవాలంటే వచ్చే నెల కూడా పని ఉంటుందన్న నమ్మకం కావాలి. అంకుడు కర్ర దొరకడమూ కష్టమవుతోంది. కొట్టిన చెట్టు మళ్లీ ఎదగడానికి వ్యవధి పడుతుంది, అడవిలోంచి తేవడానికి హద్దులున్నాయి. ఈ కర్ర కోసం ప్రత్యేకంగా తోటలు పెంచాలన్న కోరిక న్యాయమైనది. అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని.

కొనేవాళ్లు చెయ్యాల్సిన పని వేరే ఉంది. పండగ కొనుగోలుదారుడి తొందరకూ ఈ ఊరి లెక్కకూ అసలు పొత్తు కుదరదు. దీపావళి కానుకల గురించి కంపెనీలు దీపావళికి రెండు వారాల ముందు ఆలోచిస్తాయి. సంక్రాంతి కొలువు గురించి మనం భోగికి నాలుగు రోజుల ముందు ఆలోచిస్తాం. అప్పటికి అంకుడు కర్ర ఆరి ఉండాలి, రంగు కడ్డీలు తయారై ఉండాలి. వానాకాలంలో కర్ర త్వరగా ఆరదు. చివరి నిమిషంలో వందల బొమ్మలు కావాలంటే చెయ్యగలిగింది రెండే: పచ్చి కర్ర వాడటం, లేదంటే ఆర్డరు వదులుకోవడం. వదులుకున్న ఆర్డరు ఎక్కడో అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మకు పోతుంది. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ఎంత సుంకం వేసినా ముందుగా ఇచ్చిన ఆర్డరు చేసే మేలు అది చెయ్యలేదు.

మన పేరంటాల సంగతీ చెప్పాలి. శ్రావణ మాసం నోములకు, సంక్రాంతి పేరంటానికి తాంబూలంతోపాటు ఏదో ఒకటి చేతిలో పెట్టడం మన ఆనవాయితీ. కొన్నేళ్లుగా ఆ చేతిలోకి ప్లాస్టిక్ డబ్బా వస్తోంది. ఇంటికి తెచ్చాక దాన్ని ఇంకో పేరంటానికి దాస్తున్నాం. దాని బదులు లక్క కుంకుమ బరిణె ఇవ్వండి. పుచ్చుకున్నావిడ దేవుడి దగ్గర పెట్టుకుని రోజూ తెరుస్తుంది. బారసాలకు గిలక్కాయ, బడికి వెళ్లే పిల్లాడికి బొంగరం, మూడేళ్ల పాపకు లక్కపిడతల బుట్ట. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ కొలువు పెట్టుకునే తెలుగు కుటుంబాలు ఊరికి వచ్చి వెళ్లేటప్పుడు పచ్చళ్ల పక్కన ఒక ఎడ్లబండికి చోటు చూస్తే చాలు, బరువు పెద్దగా ఉండదు. ప్రభుత్వ అతిథులకు శాలువాల బదులు ఇలాంటి హస్తకళలే కానుకగా ఇవ్వాలని 2024లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సూచించారు. కార్యాలయాలు, కాలేజీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఆ పద్ధతి పట్టుకుంటే ఈ ఊరి మీద దాని ప్రభావం నేరుగా కనిపిస్తుంది.

కొనేటప్పుడు బేరం గురించి ఒక మాట. మాల్‌లో అచ్చువేసిన ధరకు నోరెత్తని మనం, చెక్కినవాడే ఎదురుగా కూర్చుంటే సగానికి అడుగుతాం. అక్కడ తగ్గించిన ప్రతి రూపాయీ అతని కూలిలోంచే పోతుంది. ప్రకృతి రంగులేనా అని తప్పకుండా అడగండి. రసాయన రంగులతో చేసినవి ఇప్పటికీ సంతలో తక్కువ ధరకు దొరుకుతున్నాయి. మొక్కల రంగు కాస్త నెమ్మదిగా, మట్టి కలిసినట్టు ఉంటుంది. కళ్లు జిగేలుమనేంత మెరుపు ఉంటే అనుమానించాలి. వీలైతే ఆ ఊరే వెళ్లండి, చేస్తుండగా చూసి కొనుక్కోవచ్చు. వెళ్లలేకపోతే లేపాక్షి దుకాణాలున్నాయి. విశాఖపట్నం రైల్వే స్టేషన్‌లో ‘ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి’ పథకం కింద 2022లో తొలి స్టాల్ పెట్టింది కూడా ఈ బొమ్మలకే.

వచ్చే సంక్రాంతి కొలువుకో, ఆఫీసు కానుకలకో ఏటికొప్పాక బొమ్మలు కావాలనుకునేవారు దసరా లోపే మాట్లాడుకోండి. ఏవి, ఎన్ని, ఏ రంగుల్లో అన్నది ఖాయం చేసి, సగం డబ్బు ముందే పంపండి. కర్ర కొనడానికి, లక్క కొనడానికి వాళ్లకు ఆ డబ్బు అప్పుడే కావాలి.