కడపట బాగుండిన వేళ

హైదరాబాదునకు పడమట కొండబండలపై వెలసిన పేట జూబ్లీ హిల్స్. దానిని ఆనుకొని ఫిల్మ్ నగర్ కలదు. చిత్రీకరణము ముగిసిన పిదప లైట్‌మన్‌లు, వడ్రంగులు, చిన్న వేషములవారు ఒక్కొక్కనాడు అర్ధరాత్రమునకు గాని ఇల్లు చేరరు. పగలు చెక్‌పోస్టు కూడలి దాటుటయే ఒక తపస్సు. రాత్రి ఆ త్రోవలన్నియు నిర్జనములు. రోగిని కొనిపోవుటకు అంతకంటె అనువైన వేళ లేదనిపించును. కాని పక్షవాతము విషయమున ఆలస్యము జరుగునది త్రోవలో కాదు, ఇంటిలోనే.

అట్టి లైట్‌మన్ ఒకని ఊహింపుడు. పండ్రెండు గంటలకు వచ్చి, భుజించి, పరుండినాడు. నాలుగు గంటలకు భార్య లేపగా మూతి వంకరపోయి యున్నది, కుడిచేయి వ్రేలాడుచున్నది, మాట ముద్దగా వచ్చుచున్నది. “నిద్రమత్తు, తెల్లవారనీ” అన్నది అతని తల్లి. పొరుగువాడొకడు పావురపు రక్తము పూసిన తగ్గునన్నాడు. మరియొకడు మాత్రయు నీళ్లును తెచ్చినాడు. మ్రింగుశక్తి తగ్గిన వానికి నీరు ఊపిరితిత్తులలోనికి పోవచ్చునని ఆ దయాళువు ఎరుగడు. ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె ఇవేవియు వినక 108కి ఫోను చేసినది. ఆ సేవ 2005 ఆగస్టు 15న ఈ నగరముననే ఆరంభమైనది.

దగ్గరనున్న చిన్న ఆసుపత్రికి పోవుదమని తల్లి పట్టుపట్టెను. అట్టిచోట్ల అనేకములందు రాత్రివేళ స్కాను తీయువారుండరు. సెలైను పెట్టి, గంట గడచిన పిదప పెద్ద ఆసుపత్రికి చీటీ వ్రాయుదురు. ఆ చీటీ మొదటనే వ్రాసినచో ఎంత బాగుండును! చికిత్స లేని ఒక్కొక్క నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో ఒక వైద్యుడు లెక్కగట్టెను. జూబ్లీ హిల్స్‌లో 1988 నుండి అపోలో, పంజగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ మొదలగు పెద్ద వైద్యశాలలు కలవు. వాహనము అట్టి యొకచోటికి సాగెను.

అచ్చట నర్సు ముందుగా వ్రేలు పొడిచి రక్తమునందలి చక్కెర చూచెను. చక్కెర పడిపోయినను ఇట్టి లక్షణములే కానవచ్చును. పిదప వైద్యుడు, “ఇతడు కడపట బాగుండిన వేళ ఏది?” అని యడిగెను. “నాలుగు గంటలకు చూచితిమి” అన్నది భార్య. వైద్యుడు తల యూపలేదు. నాలుగు గంటలు రోగము కనబడిన వేళయే గాని, వచ్చిన వేళ కాదు. నిద్రలో వచ్చినచో పరుండిన వేళనుండియే లెక్కింపవలెను. గడ్డను కరిగించు మందు సాధారణముగా 4.5 గంటలలోపల ఈయవలెను. అప్పటికి అయిదు గంటలు కావచ్చినది.

కుమార్తె ముందునకు వచ్చినది. “రెండున్నరకు నాన్న లేచినాడు. నేను పరీక్షకు చదువుచుంటిని. ఫ్యాను తగ్గింపుమని నాతో చక్కగా పలికినాడు. గడియారము చూచితిని.” వైద్యుడు ఆమెచే ఆ మాట మరల చెప్పించి కాగితముపై వ్రాసికొనెను.

అంతట స్కాను. 1971లో లండనులో రోగి మెదడును తొలిసారి ఇట్లు చిత్రించిన యంత్రము హౌన్స్‌ఫీల్డు నిర్మించినది. అందులకు ఆయనకు 1979లో నోబెలు బహుమతి లభించెను. మెదడులో రక్తము చిందినదా, లేదా అని అది నిమిషములలో తెలుపును. చిందినచో ఆ మందు విషమే. చిందలేదు. ఇంట నిద్రించుచున్న నాడీవైద్యుడు చిత్రమును ఫోనులో చూచి సమ్మతించెను.

అయిదుంబావునకు మందు నరములోనికి ఎక్కుట మొదలైనది. కుడిచేయి ఇంకను కదలలేదు. కుమార్తె మంచము ప్రక్కన నిలిచి ఆ వ్రేళ్లనే చూచుచున్నది.