ఆదోనిలో బాడుగ కారు: ఒకనాటి విహారము

స్త్రీలు పురుషుల తోడు లేక ఊరు చూడబోవుట మన యిండ్లలో నిన్నమొన్నటివరకు వింతగానే యుండెను. తీర్థమునకు పోవలెనన్నను, పుట్టింటికి పోవలెనన్నను, టిక్కెట్టు కొనుటకొకరు, బండి మాటలాడుటకొకరు, దారి యడుగుటకొకరు కావలసి యుండిరి. ఇప్పుడు రైలు దిగిన చోటనే బాడుగ కార్లు దొరకుచున్నవి. ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక కారును, దానిని నడుపు మనుష్యుని కుదుర్చుకొని, ఇష్టమైనచోట నిలిచి, తృప్తి తీర చూచి రావచ్చును. ఈ స్వాతంత్ర్యమును చక్కగా వాడుకొనుటకు కొంత తెలివియు, కొంత మర్యాదయు కావలెను. కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలో మేము గడపిన యొక దినమును ఆధారముగా జేసికొని ఈ విషయమును సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

ఆదోనికి ఆదవాని యని పాతపేరు. ఇది మదరాసునుండి బొంబాయికి పోవు రైలుమార్గమున గుంతకల్లునకు రాయచూరునకు నడుమ నున్నది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఈ తాలూకా బళ్లారి జిల్లాలో నుండెను. అందుచేతనే నేటికిని ఆ బజారులో నడచినచో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒక్క అంగడిముందే వినబడును. ఎమ్మిగనూరు అచటికి ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరము. రెంటికిని బస్సులు కలవు. కాని కోట యొకవైపు, పత్తి మార్కెట్టు మరియొకవైపు, సాలెవారి వీధులు వేరొక యూరిలో నుండుటచేత, నలుగురు కలిసి పోవునపుడు బాడుగ కారే సుకరము.

మేము నలుగురము స్త్రీలము. మార్గశిరమాసమున ఒక యుదయము అచట దిగితిమి. బేరము ముందుగనే తెలుపుకొంటిమి. బాడుగకు రెండు విధములు గలవు. కిలోమీటరునకింత యని లెక్కించుట యొకటి. దినమునకింత యని లెక్కించుట రెండవది. దినపు లెక్కలో తరచుగా 8 గంటలు, 80 కిలోమీటర్లు అని హద్దు పెట్టి, దానికి మించిన గంటలకును దూరమునకును వేరుగా పుచ్చుకొందురు. ఎక్కకముందే అడుగవలసిన ప్రశ్న లివి: నూనె ఖర్చు బాడుగలో చేరినదా? డ్రైవరు బత్తా వేరా? టోల్ రుసుము, కారు నిలుపు రుసుము ఎవరివి? దూరమును మన మెక్కిన చోటినుండి లెక్కింతురా, కారు బయలుదేరిన షెడ్డునుండియా? ఈ కడపటి ప్రశ్న నడుగకయే సాయంకాలమున తగవులు వచ్చుచున్నవి. ఎక్కగానే మీటరులోని అంకెను ఒక కాగితముమీద వ్రాసికొని డ్రైవరునకును చూపుట మంచిది.

మరియొక సంగతి. బాడుగకు తిరుగు కారునకు పసుపుపచ్చ పలకమీద నల్లని అక్షరములతో నంబరుండవలెను. విద్యుచ్ఛక్తితో నడచునదైనచో ఆకుపచ్చ పలకమీద పసుపు అక్షరము లుండును. తెల్లని పలకగల సొంతకార్లను కొందరు చౌకగా బాడుగకు త్రిప్పుదురు. అట్టివానిలో ప్రమాదము జరిగినచో ఇన్సూరెన్సు సొమ్ము రాకపోవుట కవకాశము గలదు. చౌకయని వాని నెక్కుట తగదు. కారు నంబరు ఇంటివారికి ఫోనులో పంపి, 112 అను అత్యవసర నంబరు జ్ఞాపకముంచుకొన్న చాలును. దినమంతయు అనుమానముతో బిగుసుకొని కూర్చుండ నక్కరలేదు.

మా డ్రైవరు ముప్పది యేండ్లవాడు, మితభాషి. ఎక్కగానే, "మంత్రాలయం పోదామా అమ్మా? అందరూ ఆడికే పోతారు," అనెను. రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావన ప్రవేశము చేసిన ఆ పుణ్యస్థలము తుంగభద్ర యొడ్డున సమీపముననే యున్నది. మాలో ఇరువురు పూర్వమే దర్శించియుండిరి. ఈసారి ఆదోనియు ఎమ్మిగనూరును మాత్రమే చూడదలచితిమని చెప్పగా, అతడు అద్దములో మావంక చూచి, "ఎమ్మిగనూర్లో సూసేదానికి ఏముందమ్మా? మగ్గాలు తప్ప," అనెను. ఆ మగ్గములనే చూడవలెననగా నతడు మారుపలుకక బండి నడిపెను.

మొదట కోటకు పోవలెనని అతడే నిశ్చయించెను. ఎండ ముదిరిన తరువాత ఆ బండలమీద కాలు నిలువదట. స్థానికుని కుదుర్చుకొనుటలోని లాభ మిదియే. ఏది యెప్పుడు తెరతురో, ఏది యెప్పుడు ఎండలో మాడునో, ఏ వీధిలో సంతనాడు బండి చొరదో పుస్తకములలో దొరకదు. ఐదు గుట్టలమీద వ్యాపించిన ఈ దుర్గములో బారాకిల్లా, తాలిబండ అనునవి ఎత్తైనవి. విజయనగర రాజుల కాలమున నిది పేరుగన్న దుర్గము. 1565 నాటి తళ్లికోట యుద్ధము తరువాత బిజాపూరు సుల్తానుల వశమై, పదునేడవ శతాబ్ది తుదిలో ఔరంగజేబు సేనలకు చిక్కెను. 1786లో టిప్పు సుల్తాను దీనిని పట్టుకొనెను. 1800లో నిజాము దత్తమండలములతోబాటు దీనిని ఆంగ్లేయులకిచ్చెను. ఇన్ని చేతులు మారిన కోటలో ఇపుడు గోడలు, బురుజులు, బండలమధ్య నీటిగుంటలు మిగిలినవి. గుట్టమీది రణమండల ఆంజనేయస్వామికి మ్రొక్కుకొనువారితో మెట్లదారి సందడిగా నుండును. పెద్దవయసువారు నీళ్లు వెంటబెట్టుకొని, తెల్లవారగనే ఎక్కుట మేలు.

ఊరిలోని జామియా మసీదును బిజాపూరు ప్రతినిధియగు సిద్ది మసూద్ ఖాను కట్టించెను. ఔరంగజేబు సేనాని కోటను ముట్టడించి, లొంగని మసూద్ ఖాను ఎదుట ఆ మసీదువైపే ఫిరంగులు త్రిప్పించెననియు, తాను ప్రాణముగా జూచుకొన్న కట్టడము కూలుట కోర్వలేక అతడు కోట నప్పగించెననియు కథ చెప్పుకొందురు. ఈ మసూద్ ఖానే రాఘవేంద్రస్వామివారికి మంచాల గ్రామము నిచ్చెనని మంత్రాలయపు సంప్రదాయము. ఒక్క మనుష్యుని పేరు మసీదులోను మఠములోను గూడ నిలిచినదనిన, ఆ సీమలో మతముల పొత్తు ఎట్టిదో తెలియుచున్నది. మేము వెలుపలినుండి ఆ శిల్పమును చూచి, ఆ వాకిట నున్నవారి యనుమతితో కొంతసేపు నిలిచి వచ్చితిమి.

అటుపిమ్మట పత్తి మార్కెట్టు. ఆదోని చుట్టును నల్లరేగడి నేల. పత్తి పంటకు ఈ పట్టణము చిరకాలమునుండి కేంద్రము. మేము పోయిన కాలము పంట వచ్చు కాలమగుటచే, మార్కెట్టు ఆవరణమంతయు వెన్నెల పరచినట్లు తెల్లగా నుండెను. రైతులు తమ కుప్పలవద్ద కూర్చుండి ధర పలుకువారికై ఎదురుచూచుచుండిరి. ఒక యంచున స్త్రీలు రాలిన దూదిని చీపుళ్లతో ఊడ్చి గంపల కెత్తుచుండిరి. చేలో పత్తి యేరువారును, జిన్నింగు మిల్లులలో పనిచేయువారును పెక్కుమంది స్త్రీలే. మనము కట్టుకొను నూలుచీర ఎన్ని చేతులు దాటి మన బీరువాలోనికి వచ్చుచున్నదో అచట నిలిచినచో తెలియును.

మధ్యాహ్నమునకు ముందు ఒక చిన్న హోటలులో ఉగ్గానియు మిరపకాయ బజ్జీలును తింటిమి. బొరుగులను నీట తడిపి, పిండి, పోపుపెట్టి, పుట్నాలపొడి చల్లి చేయు ఈ ఫలాహారము ఆ సీమకు ప్రత్యేకము. డ్రైవరు మాత్రము లోనికి రాలేదు. పిలువగా, "మీరు కానీయండమ్మా, నేను మళ్ల తింటా," అనెను. ఆ "మళ్ల" అనునది సాయంకాలమో, రాత్రియో! అనేకులు బాడుగకు వచ్చినవాని యాకలిని తలపరు, అతడును అడుగడు. మాలో పెద్దామె లేచిపోయి, "నాయనా, నీవు తిననిది బండి కదలదు," అని చెప్పి కూర్చుండబెట్టెను.

చట్టమును గూడ ఇచట చెప్పుట యుచితము. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము ప్రకారము, ఐదుగురు లేదా అంతకు మించిన పనివారుగల సంస్థలలో డ్రైవరుచేత సాధారణముగా దినమునకు 8 గంటలకు మించి పని చేయింపరాదని యుండెను. 5 గంటల పని మీద కనీసము అరగంట విశ్రాంతి నీయవలెనని యుండెను. ఒక్క కారుతో బ్రతుకువానికి ఈ రక్షణ లేకుండెను. అతనికి యజమానియు, చట్టమును, ఆనాటికి కారెక్కినవారే. తెల్లవారుజాము నాలుగు గంటలకు బయలుదేరి అర్ధరాత్రి యింటికి చేర్చుమనువారు తమ ప్రాణములను నిద్రమత్తులో నున్నవాని చేతిలో నుంచుచున్నారని మరువరాదు. అతని విశ్రాంతి మన క్షేమమే.

ఎమ్మిగనూరు దారిలో ఇరుప్రక్కల పత్తిచేలు, నడుమ నడుమ తుంగభద్ర దిగువ కాలువ నీరు పారు పచ్చదనము. కాలువ యందని యూళ్లలో వానయే దిక్కు. ఎదురుగా ఒక వాహనములో మూటలు, వంటపాత్రలు, పిల్లలతో స్త్రీలును పురుషులును క్రిక్కిరిసి పోవుచుండిరి. వారు గుంటూరు సీమకు పత్తి యేరుటకును, మిరపకాయలు కోయుటకును పోవువారట. పంట పనులు తీరగానే ఈ పడమటి పల్లెలలో అనేక కుటుంబములు ఇంటికి తాళమువైచి వలస పోవుట యేటేట జరుగుచున్నది. మేము వేడుకకై పోవు దారినే వారు కూటికై పోవుచుండిరి. కారులో కొంతసేపు మాటలు లేవు.

ఎమ్మిగనూరు నేతకు పేరుపొందిన యూరు. పద్మశ్రీ బిరుదాంకితులైన మాచాని సోమప్పగారి పూనికచే 1938లో అచట చేనేత సహకార సంఘము స్థాపితమయ్యెను. ఆ సంఘము నేయించిన దుప్పట్లు, తువాళ్లు దూరదేశముల కెక్కినవి. తరువాత మరమగ్గముల పోటీచేత చేనేత సన్నగిల్లి, మగ్గములు తగ్గినవి. పుష్యమాసమున నీలకంఠేశ్వరస్వామి జాతర నాడు మాత్రము ఊరు పూర్వపు కళతో నిండును.

ఏ దుకాణమువద్ద దింపునో యని మేము తలంచుచుండగా, డ్రైవరు ఒక యిరుకు వీధి మొదట కారు నిలిపి, "ఇది మా యిల్లమ్మా," అనెను. లోపల గుంత మగ్గము. దానిపై అతని తండ్రి నేయుచుండెను. వాకిట తల్లి రాట్నము త్రిప్పి కండెలు చుట్టుచుండెను. డ్రైవరును పదునెనిమిదవ యేటివరకు ఆ గుంటలోనే కూర్చుండి నాడె విసరినవాడట. మగ్గముమీది సంపాదన చాలక కారు నేర్చుకొనెనట. ఉదయమున "మగ్గాలు తప్ప ఏముంది" అన్న మాటలోని నొప్పి మాకప్పుడు తెలిసెను.

దినమునకు కూలి యెంత యని తల్లి నడిగితిమి. ఆమె నవ్వి, "కూలి ఆయనకొస్తాదమ్మా. కండెలు చుట్టేది ఇంటిపనే కదా," అనెను. పడుగు సరిచేయుట, దారమతుకుట, కండె చుట్టుట లేనిదే మగ్గము కదలదు. ఇంతచేసియు ఆమె చేయునది పనిగా లెక్కకు రాదు. వంటయింటి సోదరీమణులకు ఈ లెక్క క్రొత్తది కాదుగదా! మేము రెండు దుప్పట్లు కొని, ఆయన చెప్పిన ధరనే యిచ్చి, సొమ్ము నామె చేతిలో నుంచితిమి. ఆమె దానిని లెక్కపెట్టి, కొంగున ముడివైచి, అటుపిమ్మట భర్తవంక చూచెను.

కొన్నియూళ్లలో డ్రైవర్లు తమకు భాగమిచ్చు దుకాణములకే ప్రయాణికులను తీసికొనిపోవుదురు. మనకు వలదనిన మెల్లగా వలదని చెప్పిన చాలును. ఇతడు తన యిల్లు చూపుటయు అట్టిదే యని యెవరైన అనవచ్చును. కాని అతడు కొనుమని యొక్క మాటయు అనలేదు. మేము మగ్గములు చూడగోరితిమి; అతడు తానెరిగిన మగ్గమును చూపెను.

దీపములు పెట్టువేళకు ఆదోని చేరితిమి. మీటరు చూచి, వ్రాసికొన్న యంకెతో సరిచూచి, చెప్పుకొన్న బాడుగయు బత్తాయు నిచ్చితిమి. తగవు లేదు.

బాడుగ కుదుర్చుకొనునపుడు మనము కారునే కొనుచున్నామని తలతుము. నిజమునకు మన చేతికి వచ్చునది ఒక మనుష్యుని యొక్క దినము. దానిలో అతని యాకలి యున్నది, అలసట యున్నది, అతని యూరిని గూర్చిన యభిమానము గలదు. లెక్క ఖండితముగా చూచుకొనవలెను. అది మన హక్కు. ఆ లెక్కకు లోబడని దానిని మర్యాదతో చెల్లింపవలెను. అట్లు చేసినవారికి ఊరు తన వాకిళ్లను తెరచును. చేయనివారికి గోడలు మాత్రమే కనబడును. ఈ శీతకాలమున నలుగురు కూడి బయలుదేరు సోదరీమణులు కోటకు తెల్లవారగనే పోవుదురు గాక. ఎమ్మిగనూరున ఒక మగ్గముముందు కొంచెముసేపు కూర్చుండి, కండె చుట్టు చేతిని గూడ చూచి వత్తురు గాక.