హుగ్లీ తీరం నుండి అండమాన్‌కు

కోల్‌కతాలో ఉద్యోగం చేయుచున్న మా కుటుంబం ఈ శీతకాలంలో అండమాన్ యాత్రను సంకల్పించింది. చేతనున్న సెలవు 12 దినాలు. సముద్రమార్గం సుమారు 1,255 కిలోమీటర్లు. విమానం రెండున్నర గంటలలోపే చేర్చగా, ఓడకు మూడు నాలుగు రోజులు పట్టును.

నౌకలు ప్రతిదినం లేవు. కిద్దర్‌పూర్ రేవులో బయలుదేరిన ఓడ, లాక్‌గేటు దాటి, హుగ్లీ ఆటుపోటులను అనుసరించి సుమారు 200 కిలోమీటర్లు సాగితేగాని సముద్రాన్ని చేరదు. కావున ప్రకటిత సమయాన్నే నమ్మి సెలవును లెక్కించరాదు. రానుపోను ఓడనే ఎక్కితే ద్వీపాలలో గడుపుటకు నాలుగు రోజులైనా మిగులుట కష్టం.

అట్లని ఓడను పూర్తిగా విడువుటకు మనసొప్పలేదు. 1909లో అలీపూర్ కుట్రకేసులో శిక్షపడిన బారీంద్రకుమార్ ఘోష్, ఉల్లాస్‌కర్ దత్తులను ఈ నగరం నుండి ఓడలోనే కాలాపానీకి తరలించారు. వారిని బంధించిన సెల్యులార్ జైలును పిల్లలకు చూపుటకు ముందు, ఆ దూరమెంతటిదో వారికి తెలియవలెనని మా కోరిక.

అందుచే పోవునపుడు ఓడ, వచ్చునపుడు విమానమని నిశ్చయించాము. ఓడకు నాలుగు రోజులు, జాప్యానికి రెండు, 2024 నుండి శ్రీ విజయపురంగా పిలువబడుచున్న పోర్ట్‌బ్లేర్‌లోను, స్వరాజ్ ద్వీపంలోను ఐదు, తిరుగు ప్రయాణానికి ఒకటి. లెక్క సరిపోయింది.