ఉల్లికోడు కబుర్లు

ఏవండోయ్, వంటలయ్యాయా? అయితే కాస్త గోడ దగ్గరికి రండి. ఇంకేం తొందర, అయ్యగారు వచ్చేసరికి నాలుగవుతుంది. మీ వరి చేలో ఉల్లికోడు పడిందటగా? దాచకండి, కాలవ గట్టు మీద అందరూ అదే చెప్పుకుంటున్నారు. అమలాపురం వైపైనా రాజోలు వైపైనా, సార్వాలో ఊడ్పులు ఆలస్యమైన చేనంటే దానికి మహా ఇష్టం.

మా ఆడపడుచు ఓ పిలక పీకి తెచ్చి చూపించింది. అచ్చం ఉల్లికాడేనండీ! తెల్లగా, నిగనిగలాడుతూ, లోపలంతా డొల్ల. చివర చిన్న కన్నం. ఉల్లికోడు ఈగ ఎగిరిపోతూ విడిచిన పొర ఆ కన్నంలో ఇంకా ఇరుక్కునే ఉంది.

ఆ ఈగ ఎంతనుకున్నారు, దోమంత. ఆడదాని పొట్ట ఎర్రగా ఉంటుంది. రెక్కలొచ్చాక దాని బతుకు రెండు మూడు రోజులే, ఆ కాస్తలోనే వందకు పైగా గుడ్లు పెట్టేస్తుంది. పిల్లపురుగు కదలాలంటే తడి ఉండాలి. ముసురు పట్టిందా, ఆకు తొడుగుల సందుల్లోంచి జారుకుంటూ పిలక మొదట్లోని అంకురం దాకా పోతుంది. అక్కడ తిష్ఠ వేసి తింటుంటే దాని ఉమ్మికి మొక్క మతి పోతుంది పాపం. ఆకు వెయ్యడం మానేసి గొట్టం కడుతుంది. ఇక ఆ పిలక ఈనదు.

పెద్ద పురుగయ్యాకైనా ఊరుకుంటుందా? గూడు దశలో ఒంటి మీది ముళ్లతో గొట్టం పైదాకా ఎగబాకి, తనే కన్నం పెట్టుకుంటుంది. గుడ్డు నుంచి ఈగ దాకా మూడు వారాలే.

ఇలా మొక్కచేత ఇల్లు కట్టించుకునే పురుగులు వేరే చోటా ఉన్నాయి. చలిదేశాల్లో విల్లో అని ఓ చెట్టుంది. దాని ఆకుల మీద ఎర్రటి బుడిపెలు లేస్తాయి, సాఫ్లై అనే కందిరీగల చుట్టం చేసే పని. అక్కడ తల్లి గుడ్డుతోపాటే రసం ఎక్కిస్తుంది. పిల్ల బయటపడేలోపే ఇల్లు లేవడం మొదలవుతుంది. మన ఈగ గుడ్లు పెట్టి తన దారిన పోతుంది, పిల్ల పాట్లు పిల్లవే. ఏ తల్లి మేలంటారు? మీ అత్తగారిని అడిగి చెప్పండి!

ఉల్లికోడును తట్టుకుంటాయని 1970ల్లో ఐఆర్-8, సియామ్ 29 అనే వరి రకాల్ని కలిపి సురేఖ, ఫల్గుణ వంగడాలు తీశారు. 1980ల్లో శ్రీకాకుళం వైపు ఉల్లికోడు ఫల్గుణనీ లొంగదీసింది. అంత మొండిది.

దీనికీ ఓ శత్రువుంది లెండి. ప్లాటిగాస్టర్ అని బుల్లి నల్ల కందిరీగ. ఉల్లికోడు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డులోంచి బోలెడు పిల్లలు పుట్టి, పురుగును లోపల్నుంచి తినేస్తాయి. అందుకే చెబుతున్నా, గొట్టాలు లేచాక మందు కొట్టించకండి. పోయిన పిలక ఎలాగూ రాదు, మేలు చేసే కందిరీగలు చస్తాయి. వచ్చే సార్వాకి కాలవకి నీరొదలగానే ఆకుమడి పోయించండి, గట్ల మీద గడ్డి కోయించండి. అయ్యగారికి ఈ రాత్రే చెప్పండి, మరిచిపోతారు.