అలలు విరగని చోటు

చెన్నపట్నంలో ఉన్న మన తెలుగువాళ్ళను సముద్రం గురించి అడిగితే సాయంత్రపు గాలి, సుండల్ పొట్లం, మిరపకాయ బజ్జీ గురించి చెబుతారు. వంజరం కిలో ఎంతో, చందువ ఎక్కడ తాజాగా దొరుకుతుందో చెప్పగలిగేవారూ ఉన్నారు. ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్ళు మాత్రం తక్కువ. ఆ తక్కువమందిలో నేనొకణ్ణి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పట్టుకున్న సరదా ఇది. “మీరు తెచ్చే చేపలకు పులుసుగిన్నె ఎందుకండీ, గరిటె చాలు” అని మా ఆవిడ అంటూనే ఉంటుంది. అయినా ఈ సరదా వల్ల నేను నేర్చుకున్న ఒక సంగతి ప్రతి ఇంటివారికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

గాలం వేసేవాడికి మొదట కావలసింది పంచాంగం. నవ్వకండి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు, పాటు పెద్దవి. అష్టమి చుట్టుపక్కల చిన్నవి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చెన్నైలో నీరు లేచి దిగే ఎత్తు పెద్ద పోటు రోజుల్లో కూడా ఒక మీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అయినా ఆ కాస్త మార్పే చేపలకు భోజనం గంట. అడయారు ముఖద్వారం దగ్గరా, కోవళం ఉప్పుటేటి దగ్గరా నీరు లోపలికో బయటికో కదులుతున్నప్పుడు గాలం వేస్తే ఫలితం ఉంటుంది. నీరు కదలకుండా నిలిచినప్పుడు ఎంతసేపు కూర్చున్నా ఎర నానడమే మిగులుతుంది. అడయారు ముఖద్వారంలో పట్టిన చేపను నేను ఇంటికి మాత్రం తీసుకురాను. ఆ ఏట్లో ఊరి మురుగంతా కలుస్తుంది. చూసి వదిలేయడమే.

రెండోది గాలి. వేసవిలో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నానికి తిరిగి సముద్రం నుంచి ఊళ్ళోకి వస్తుంది. పూర్వం తెరచాప కట్టిన తెప్పలు మొదటి గాలితో వేటకు వెళ్ళి, రెండో గాలితో ఇంటికి వచ్చేవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. సముద్రం మొరటుగా ఉంటుంది. ఏరు తెచ్చిన బురదతో నీరు ఎర్రబడుతుంది. అప్పుడు గాలం అటకెక్కవలసిందే. జనవరి దాటాక సముద్రం కాస్త శాంతిస్తుంది.

ఇక్కడి జాలరులు ఉత్తరపు గాలిని వాడై అంటారు. ఉత్తరం నుంచి వచ్చే నీటివాలు వన్ని, దక్షిణం నుంచి వచ్చేది తెండి. ఊరూర్ కుప్పం జాలరి ఎస్. పాళయం ఈ గాలులనూ, నీటివాలునూ గమనించి రోజువారీగా రాసిపెట్టే పని చేపట్టారు. తరతరాలుగా నోటిమాటగా వచ్చిన విద్య కాగితం మీదికి రావడం మంచిదే కదా.

ఇక అసలు సంగతి. ఇసుక తీరంలో చేప ఎక్కడ ఉంటుంది? ఈ ప్రశ్న నేను బెసెంట్‌నగర్ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అడిగాను. ఆయన తమిళంలో చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను.

“అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూడండి సార్. రెండు చోట్ల నురగ తెల్లగా లేస్తోందా? ఆ రెంటి మధ్య నీరు నల్లగా, నెమ్మదిగా కనబడుతోందా? అక్కడ గుంట ఉంది. చేప అక్కడికి వస్తుంది.”

“అయితే అలలు లేవు కాబట్టి కాస్త లోపలికి దిగి గాలం విసరవచ్చా అయ్యా?”

ఆయన వల పక్కన పెట్టారు. “దిగకండి. ఒడ్డుకు కొట్టిన నీళ్ళన్నీ తిరిగి వెళ్ళే దారి అదే. మనిషిని కూడా తీసుకుపోతుంది.”

ఆ మాట విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. చాలా ఏళ్ళ క్రితం మా ఆఫీసులో నాతో పనిచేసిన మిత్రుడి కొడుకు కాలేజీ స్నేహితులతో సముద్రానికి వెళ్ళి తిరిగి రాలేదు. కుర్రవాడికి ఈత వచ్చు. “పెద్ద అలలున్న చోటుకు పోలేదు అంకుల్, నీళ్ళు బాగా నెమ్మదిగా ఉన్న చోటే దిగాం” అని ఆ పిల్లలు ఏడుస్తూ చెప్పారు. ఆ మాటకు అర్థం నాకు అన్నేళ్ళ తర్వాత, చేపల కోసం వెళితే తెలిసింది. చేప దొరికేదీ, ప్రాణం పోయేదీ ఒక్క చోటే.

ఈ తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. ఏడాది మొత్తం మీద చూస్తే అది దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1876లో మద్రాసు హార్బరు గోడల పని మొదలయ్యాక ఆ నడకకు అడ్డుపడింది. దక్షిణాన ఇసుక చేరి మెరీనా అంత వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయి రాళ్ళు పేర్చవలసి వచ్చింది. నీటి కింద గుంటలూ అలాగే జరుగుతుంటాయి. పోయిన నెల మోకాలి లోతున్న చోటు ఈ నెల మనిషి లోతు కావచ్చు. “నాకు ఈ బీచి చిన్నప్పటి నుంచీ తెలుసు” అనే ధీమా ఇక్కడ పనికిరాదు. రాళ్ళ కట్టల పక్కన కూడా ఇలాంటి వాలే ఉంటుంది.

అందుకే నా పద్ధతి ఇది. ముందు పావుగంట ఏమీ చేయకుండా అలలను చూస్తాను. గుంట ఎక్కడుందో తేల్చుకున్నాక తడి ఇసుక దాటకుండా నిలబడి, సీసం కట్టిన దారాన్ని ఆ గుంట అంచుకు విసురుతాను. ఎర రొయ్య. కిళంగాన్, చిన్న పార వంటివి దొరుకుతాయి. జెల్ల పడితే చేత్తో పట్టుకోను. దాని ముళ్ళు విషం. బొమ్మంత పిల్లచేపలను తిరిగి నీళ్ళలో వదిలేస్తాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలవాళ్ళే వేట మానుకుని ఒడ్డున కూర్చుంటుంటే, సరదాకు వచ్చిన నాకు ఆ మాత్రం నియమం ఉండాలి కదా.

ఈసారి పిల్లలను బీచికి తీసుకువెళ్ళినప్పుడు, సుండల్ కొనేముందు, అలలు విరగని చోటు ఏదో వాళ్ళనే వెతకమనండి. మంచి ఆటలా ఉంటుంది. ఆ వాలు ఎప్పుడైనా లాగితే ఒడ్డుకు ఎదురీదవద్దనీ, తేలుతూ చెయ్యి ఊపమనీ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ వాలు దాటాకనే వెనక్కి రమ్మనీ చెప్పండి. ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకకుండా తేలే వస్తువేదైనా విసిరి, జాలరులను కేకేయాలి. మా మిత్రుడి కొడుకుకు ఈ నాలుగు మాటలు చెప్పినవారు లేరు. మీ పిల్లలకు మీరున్నారు.