సముద్రంలో పండే ఆకు

పిల్లలూ, అన్నం ముద్దను ఒక రేకులో చుట్టి, రేకుతో సహా తినేసేవాళ్లను మీరెరుగుదురా? జపాను దేశంలో ఆ ముద్దను ఓనిగిరి అంటారు. దానికి చుట్టే నల్లని రేకు నోరి. అది చెట్టు ఆకు కాదు, సముద్రపు నాచు! నాచును సన్నగా తరిగి, నీళ్లలో కలిపి, చట్రాల మీద పలుచగా పరిచి ఆరబెడతారు. ఎండితే అచ్చం కాగితమే. కాస్త సెగ చూపితే నలుపు పోయి పచ్చబడి, కరకరలాడుతుంది.

జపాను దక్షిణాన, క్యూషూ దీవి పక్కనే, అరియాకే అనే సముద్రశాఖ ఉన్నది. అక్కడ పోటుకూ ఆటుకూ నీటిమట్టంలో కొన్నిచోట్ల 6 మీటర్ల దాకా తేడా ఉంటుంది. రైతులు ఆ నీటిలో గెడలు పాతి, వాటికి వలలు కడతారు. పోటులో వల మునుగుతుంది, ఆటులో దానికి ఎండ తగులుతుంది. నోరి పెరిగేది ఆ వలల మీదనే. చలికాలం కోతకాలం.

వరి వేయాలంటే విత్తనం కావాలి గదా! మరి నోరికి విత్తనమేది? పూర్వం ఎవరికీ తెలియదు. ఎండలు ముదిరేసరికి నాచు మాయమయేది. వేసవి అంతా ఎక్కడ దాగేదో గాని, చలి మొదలుకాగానే దానంతటదే వచ్చి గెడలకు అంటుకునేది. రాని ఏడు రైతు నోట మట్టే. అందుకే దానిని “అదృష్టపు గడ్డి” అనేవారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కొద్ది కాలానికి పంట బాగా దెబ్బతిని, ఎన్నో కుటుంబాలు దిక్కుతోచక నిలిచాయి.

ఆ గుట్టు ఇంగ్లండులో బయటపడింది. మాంచెస్టరులో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే శాస్త్రజ్ఞురాలు ఉండేది. పెళ్లయిన స్త్రీలకు ఉద్యోగం ఇవ్వరాదన్న ఆనాటి నియమం వల్ల ఆమె జీతం పోయింది. (ఎంత అన్యాయమో చూశారా!) అయినా ఆమె పరిశోధన మానలేదు. నోరికి దగ్గరి బంధువైన నాచు ఒకటి బ్రిటన్ తీరంలో పెరుగుతుంది. దాని బీజాలు గుల్లలలోకి తొలుచుకుపోయి, సన్నని గులాబిరంగు పోగులుగా బతుకుతున్నాయని ఆమె కనిపెట్టి, 1949లో ప్రకటించింది. అంతకుముందు ఆ పోగులను పండితులు వేరే జాతి నాచు అనుకున్నారు!

ఈ సంగతి తెలిసిన జపాను శాస్త్రజ్ఞులు తమ నోరిని పరీక్షించి, గుల్లలలో దానిని పెంచే పద్ధతి కనిపెట్టారు. నేడు తొట్లలో ఆలిచిప్పలు ఉంచి వేసవి అంతా ఆ పోగులను పెంచుతారు. చలి తగలగానే బీజాలు వెలువడి వలలకు అంటుకుంటాయి.

కాథ్లీన్ 1957లో మరణించింది. జపానును ఆమె ఏనాడూ చూడలేదు. 1963లో నోరి రైతులు చందాలు వేసుకుని, అరియాకే ఒడ్డున ఉతో పట్టణంలో ఆమెకు స్మారకచిహ్నం కట్టించారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఆమె పేర ఉత్సవం జరుపుతారు.